పొట్టితోక 917: రేసు కారు నమూనాలో కచ్చితత్వం ఎక్కడ ఉంటుంది?

1970 జూన్ 14వ తేదీ సాయంత్రం 4 గంటలకు, ఫ్రాన్స్‌లోని లే మాన్స్ ట్రాక్ మీద, ఎర్రటి బాడీపై తెల్లటి పట్టీలున్న 23వ నంబరు పోర్షే 917 కారు ఇరవైనాలుగు గంటల పందెం గెలిచింది. హాన్స్ హెర్మాన్, రిచర్డ్ ఆట్‌వుడ్ వంతులవారీగా నడిపిన ఆ కారు 343 ల్యాప్‌లలో 4,607 కిలోమీటర్లకు పైగా పరుగెత్తింది. లే మాన్స్‌లో పోర్షేకు మొత్తం మీద మొదటి స్థానం దక్కడం అదే తొలిసారి. వాన పదేపదే కురిసిన ఆ పందెంలో 51 కార్లు బయలుదేరగా, చివరికి ఫలితాల పట్టికలో చోటు దక్కినవి ఏడే.

ఈ కారును 24వ వంతు పరిమాణంలో, అంటే జానెడు కంటే తక్కువ పొడవులో, ఉన్నది ఉన్నట్టుగా తయారుచేయాలని కూర్చున్నవారికి మొదట తోచే ప్రశ్న కొలతల గురించే. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 2,300 మి.మీ.; దాన్ని 24తో భాగిస్తే 95.8 మి.మీ. ఇలా ప్రతి కొలతనూ భాగించుకుంటూ పోతే నమూనా సిద్ధమవుతుందనిపిస్తుంది. నిజానికి ఈ పని మొత్తంలో భాగహారమే అన్నింటికంటే తేలిక. అసలు చిక్కు దానికంటే ముందే, ఏ 917ను, ఏ పందెంలో ఉన్నదాన్ని, ఆ పందెంలోనూ ఏ గంటకు ఉన్నదాన్ని కడుతున్నామో తేల్చుకోవడంలో ఉంది. ఆ గంట తేలకుండా పెట్టిన ప్రతి రివెట్టూ ఊహే అవుతుంది.

రెండు గంటల లోపు ముగిసే గ్రాండ్ ప్రి కారు విషయంలో ఈ ప్రశ్న ఇంత గట్టిగా ఎదురుకాదు. బయలుదేరినప్పుడు అది ఎలా ఉందో, గమ్యం చేరినప్పుడూ ఇంచుమించు అలాగే ఉంటుంది. ఇరవైనాలుగు గంటలు పరుగెత్తే కారు అలా ఉండదు. మధ్యాహ్నం మెరిసే రంగుతో గీత మీద నిలబడిన కారుకు సాయంత్రానికి వాన టైర్లు వస్తాయి, తెల్లవారేలోగా అవి రెండు మూడుసార్లు మారుతాయి. ముందు భాగం దేనికో తగిలి పగిలితే గుడారంలో ఉన్న అదనపు ముక్కును తెచ్చి బిగిస్తారు. దాని మీద స్పాన్సర్ల స్టిక్కర్లు పాతదాని మీద ఉన్నచోటనే ఉండాలని లేదు. ఊడుతున్న అంచుకు టేపు అంటిస్తారు, ఎవరో మెకానిక్ తడి గుడ్డతో నంబరు మాత్రం తుడిచి వదిలేస్తాడు. కాబట్టి బయలుదేరే గంటకు మెరిసే రంగుతోనూ, ముగింపు గంటకు మట్టితోనూ ఉన్న రెండు నమూనాలు రెండూ కచ్చితమైనవే కావచ్చు. మెరిసే బాడీకి అరిగిన టైర్లు తొడిగినది మాత్రం ఏ గంటకూ చెందదు.

917 విషయంలో గంట కంటే ముందు సంవత్సరం తేలాలి, ఎందుకంటే ఆ కారు రూపం మూడేళ్లలో పదేపదే మారింది. పోర్షే అభివృద్ధి విభాగం అధిపతి ఫెర్డినాండ్ పియెక్ పట్టుదలతో, హాన్స్ మెజ్గర్ రూపొందించిన గాలితో చల్లబడే పన్నెండు సిలిండర్ల ఇంజన్‌తో పుట్టిన ఈ కారుకు పోటీ అర్హత రావాలంటే కనీసం 25 కార్లు తయారై ఉండాలన్నది అప్పటి నియమం. 1969 ఏప్రిల్ 21న స్టుట్‌గార్ట్ శివారులోని జుఫెన్‌హౌజెన్ కర్మాగారం ముందు ఆ 25 కార్లనూ వరుసగా నిలబెట్టి తనిఖీ అధికారులకు చూపారు. కారు వేగానికి కొదవలేదు, నిలకడే లేదు. గరిష్ఠ వేగం దగ్గర వెనుక భాగం గాలిలో తేలిపోయినట్టు అటూ ఇటూ కదిలేది, అనుభవజ్ఞులైన డ్రైవర్లే దాన్ని నడపడానికి వెనకాడారు. 1969 లే మాన్స్ పందెం మొదటి ల్యాప్‌లోనే జాన్ వూల్ఫ్ అనే ఆంగ్ల డ్రైవర్ తన 917లో ప్రమాదానికి గురై మరణించాడు.

అదే ఏడాది అక్టోబరులో ఆస్ట్రియాలోని ట్సెల్ట్‌వెగ్ వద్ద ఉన్న ట్రాక్ మీద మరుసటి ఏడాది పోర్షే తరఫున పందేల్లో దిగబోతున్న జాన్ వైయర్ జట్టు, పోర్షే ఇంజనీర్లు కలిసి ఈ కారును పరీక్షించారు. అక్కడ జాన్ హార్స్‌మన్ అనే ఇంజనీర్ ఒక చిన్న విషయం గమనించాడు. కారు ముందు భాగమంతా చచ్చిన దోమల్లాంటి పురుగుల మరకలతో నిండి ఉంది, వెనుక తోక మీద ఉన్న స్పాయిలర్ల మీద మాత్రం ఒక్క పురుగూ లేదు. పురుగు తగల్లేదంటే అక్కడికి గాలి చేరడం లేదు. గాలి చేరని స్పాయిలర్ కారును నేలకు అదిమి ఉంచలేదు. అప్పటికప్పుడు అల్యూమినియం రేకులు కత్తిరించి, రివెట్లతో, టేపుతో బిగించి, గాలి ఒంటికి అంటుకుని పోయేలా తోకను పైకి ఎత్తి కట్టారు. ఆ తర్వాత కారు డ్రైవర్ల మాట వినడం మొదలుపెట్టింది. 1970 నాటి పొట్టితోక 917 రూపం, అంటే జర్మన్ భాషలో పొట్టితోకకు ఉన్న పేరులోని తొలి అక్షరంతో 917 కె అని పిలిచేది, అక్కడే పుట్టింది. నమూనాలు కట్టేవారికి ఈ సంఘటన ఎంత విలువైనదో చివర్లో మట్టి గురించి చెప్పేటప్పుడు మళ్లీ వస్తాను.

తోక మారడం అక్కడితో ఆగలేదు. 1969 నాటి తోకకు సస్పెన్షన్‌తో పాటు కదిలే పలకలు ఉండేవి. 1970 పొట్టితోకకు అవి లేవు. 1970 లే మాన్స్ కోసమే పొడవుతోక రూపం మళ్లీ కొత్తగా తయారైంది. ఆ పందెంలో ఆస్ట్రియాకు చెందిన పోర్షే జాల్జ్‌బర్గ్ అనే ఒకే జట్టు రెండు రూపాలనూ దింపింది. 25వ నంబరు పొడవుతోక కారు 4.9 లీటర్ల ఇంజన్‌తో అన్నింటికంటే ముందు స్థానం నుంచి బయలుదేరగా, పాత 4.5 లీటర్ల ఇంజన్‌నే ఉంచుకున్న 23వ నంబరు పొట్టితోక కారు ఎక్కడో వెనుక వరుసల నుంచి మొదలుపెట్టి గెలిచింది. 1971లో పొట్టితోక మీద నిలువు రెక్కలు రెండు మొలిచాయి. డేటోనా ట్రాక్‌లో ఏటవాలుగా పైకి లేచే వంపుల మీద డ్రైవరుకు ముందున్న దారి కనబడాలని పైకప్పులో చిన్న కిటికీ కోసిన కార్లూ ఉన్నాయి. వీటన్నింటికీ కిట్టు (విడిభాగాలుగా అమ్మే నమూనా) పెట్టె మీద ఉండే పేరు ఒకటే. పెట్టెలో ఉన్న తోక ఒక ఏడాదిదీ, డెకాళ్లు (బాడీ మీద అంటించే నంబర్లు, గుర్తులు) మరో ఏడాదివీ అయితే, ఎంత శుభ్రంగా అతికించినా ఆ కారు ఎన్నడూ ఏ ట్రాక్ మీదా పరుగెత్తని కారవుతుంది.

దీనికి తలకిందులైన ఉదాహరణ ఫోర్డ్ జీటీ40. 1075 అనే ఛాసిస్ (కారు చట్రం) నంబరున్న ఒకే కారు 1968లో 9వ నంబరుతోనూ, 1969లో 6వ నంబరుతోనూ లే మాన్స్‌ను రెండుసార్లు గెలిచింది. రెండుసార్లూ గల్ఫ్ సంస్థ నీలం, నారింజ రంగులే. నమూనా కట్టేవారు ఛాసిస్ నంబరు ఒకటే కదా అని ఏదో ఒక ఏడాది ఫోటోలు ముందు పెట్టుకుని రెండో ఏడాది నంబరు అంటిస్తే సరిపోదు. దేశవ్యాప్త ఆందోళనల వల్ల సెప్టెంబరుకు వాయిదా పడిన 1968 పందేనికీ, 1969 జూన్ పందేనికీ నడుమ ఆ కారును విప్పి మళ్లీ సిద్ధం చేశారు. ఛాసిస్ నంబరు చట్టం దృష్టిలో కారు గుర్తింపు; కంటికి కనబడే రూపానికి అది హామీ ఇవ్వదు. ఆ 1969 పందెంలో మొదటి, రెండవ కార్ల మధ్య ముగింపు గీత దగ్గర మిగిలిన దూరం దాదాపు 120 మీటర్లు. 43వ వంతు నమూనాలతో ఆ దృశ్యాన్ని బల్ల మీద అమర్చాలంటే రెండు బొమ్మల మధ్య 2.8 మీటర్లు వదలాలి. ఒక పగలు, ఒక రాత్రి పోరాడాక మిగిలిన తేడా ఒక గదిలో పట్టేస్తుందని తెలిసినప్పుడు ఆ పందెం నాకు మొదటిసారి నిజంగా అర్థమైంది.

ఏ గంటో తేలాక, ఆ గంటకు సాక్ష్యం కావాలి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. అసలు కారు మ్యూజియంలో ఉంటే చూసి కట్టవచ్చు కదా అన్నది సహజమైన ఆలోచన. కానీ 917 చరిత్రే దీనికి హెచ్చరిక. ఈ వరుసలో మొదటి కారైన 917-001, 1969లో జెనీవా ప్రదర్శనలో తెల్లటి బాడీతో, ఆకుపచ్చ ముక్కుతో ప్రపంచానికి పరిచయమైంది. తర్వాత దానికి పొట్టితోక బిగించి, 1970 విజేత ఎరుపు తెలుపు రంగులు వేసి ప్రదర్శనకు ఉంచారు. దశాబ్దాల పాటు అది ఆ రూపంలోనే ఉంది. యాభై ఏళ్ల వేడుకల సందర్భంగా 2019 నాటికి దాన్ని మళ్లీ తొలినాటి పొడవుతోక రూపానికి తెచ్చారు. నిజంగా గెలిచిన కారు ఛాసిస్ నంబరు 917-023. అది వేరే కారు. 917-001ను ఎరుపు రంగులో ఉన్న కాలంలో ఫోటోలు తీసుకుని, వాటి ఆధారంగా 1970 విజేతను కట్టినవారు ఆ కారుకు ఇచ్చిన గౌరవ వేషాన్ని కట్టారు. అందులో ఎవరి మోసమూ లేదు. మ్యూజియం ఒక విజయాన్ని గుర్తుచేయాలనుకుంది, నమూనాకు కావలసింది మాత్రం ఒక వస్తువుకు సాక్ష్యం.

పాత కార్ల పందేలలో నేటికీ పరుగెత్తే కార్ల ఫోటోలతో మరో ఇబ్బంది ఉంది. అవి అందంగా, స్పష్టంగా, కావలసినన్ని దొరుకుతాయి. అయితే భద్రతా నియమాల కోసం వాటిలో కొత్త సీటు బెల్టులు, కొత్త ఇంధన ట్యాంకులు, మంటలార్పే పరికరాలు అమర్చి ఉంటాయి. రంగు మీద అప్పట్లో లేనంత దళసరి మెరుపు పూత ఉంటుంది. నేను మొదటి 917 కట్టినప్పుడు ఇటువంటి ఫోటో చూసే బెల్టులు చేశాను. బాడీ బిగించిన తర్వాత పిట్‌లో (పందెం మధ్యలో కార్లు ఆగే చోట) తలుపు తెరిచి ఉన్న నలుపు తెలుపు ఫోటో ఒకటి దొరికింది. చేసినదంతా తప్పని తెలిసి, అంతా విప్పి మళ్లీ చేయవలసి వచ్చింది. ఇక ఈ కారుకే ప్రత్యేకమైన మరో ఉచ్చు సినిమా. 1970 వేసవిలో లే మాన్స్ ట్రాక్ మీదే ఈ పందెం నేపథ్యంగా సినిమా చిత్రీకరణ జరిగింది, అది 1971లో విడుదలైంది. చిత్రీకరణ కోసం రంగులు, నంబర్లు వేసిన కార్ల ఫోటోలు ఈనాటికీ పందెం ఫోటోలుగా చలామణీ అవుతుంటాయి. ఫోటోలో ప్రేక్షకుల గ్యాలరీ ఖాళీగా ఉంటే, లేదా పందెంలో వాన పడుతున్న వేళకు రోడ్డు పొడిగా ఉంటే, నేను దాన్ని పక్కన పెడతాను. మసకగా ఉన్నా, తేదీ తెలిసిన ఒక్క పత్రికా ఫోటో, తేదీ తెలియని నూరు రంగుల ఫోటోల కంటే మేలు.

ఫోటో నుంచి కొలత తీయడం ఒక చిన్న విద్య. తెలిసిన కొలత ఒకటి ఫోటోలో కనబడితే, దానితో పోల్చి తెలియని వాటిని లెక్కకట్టవచ్చు. 917కు 15 అంగుళాల చక్రాలు కాబట్టి రిమ్మును కొలబద్దగా వాడుకోవచ్చని చాలామంది అనుకుంటారు. 15 అంగుళాలు అంటే 381 మి.మీ., 24వ వంతులో 15.9 మి.మీ. అయితే ఆ 15 అంగుళాలు టైరు లోపలి అంచు కూర్చునే చోటి వ్యాసం. బయటికి కనబడే రిమ్ము పెదవి దానికంటే దాదాపు 35 మి.మీ. పెద్దగా ఉంటుంది. ఆ తేడాను మరిచిపోతే ఫోటో నుంచి తీసిన ప్రతి కొలతా సుమారు పన్నెండోవంతు తగ్గిపోయి, నమూనా చక్రాలు బండికి చిన్నవిగా కనబడతాయి. ఇరుసుల మధ్య దూరమే ఇందుకు మెరుగైన కొలబద్ద. పక్క నుంచి తీసిన ఫోటోలో రెండు చక్రాలూ కెమెరాకు ఇంచుమించు సమాన దూరంలో ఉంటాయి. వాటి మధ్య నుంచి తీసిన కొలత తలుపు అంచుకు, చక్రాల మీది రెక్కల వంపుకు పనికొస్తుంది. పైకప్పు మధ్యగీత మాత్రం చక్రాల కంటే కెమెరాకు దూరంగా ఉంటుంది కాబట్టి, దగ్గరి నుంచి తీసిన ఫోటోలో ఉన్నదానికంటే కుదించి కనబడుతుంది. అదే కొలతను పైకప్పుకు వాడినవారి నమూనాలు ఎప్పుడూ నెత్తి అణిచినట్టు ఉంటాయి.

ఇప్పుడు భాగహారం దగ్గరికి వద్దాం. 24వ వంతు అంటే అడుగుకు అర అంగుళం. 43వ వంతు వెనుక ఉన్న కథ బొమ్మ రైళ్లది: బ్రిటన్‌లో 'ఓ' గేజి రైళ్లను అడుగుకు 7 మి.మీ. చొప్పున చేసేవారు, ఆ స్టేషన్ల పక్కన నిలబెట్టే బొమ్మ కార్లూ అదే లెక్కకు వచ్చాయి. ఏ లెక్క ఎంచుకున్నా, అన్నింటినీ ఒకే వంతుకు తగ్గించడం సాధ్యం కాదు. బాడీ ఫైబర్‌గ్లాస్ చాలా పలుచన. కిట్టులో అదే బాడీ 1 మి.మీ. మందపు ప్లాస్టిక్, అంటే అసలు కారులో 24 మి.మీ. మందం ఉన్నట్టు. తలుపు చుట్టూ ఉన్న గీతను 0.2 మి.మీ. వెడల్పుతో చెక్కితే, నిజమైన కారులో దాదాపు 5 మి.మీ. సందు. ప్రైమరు, రంగు, పైపూత అన్నీ కలిసి 0.1 మి.మీ. మందమైతే, అసలు కారుకు 2.4 మి.మీ. రంగు పూసినట్టు, 43వ వంతులో అది 4.3 మి.మీ. అవుతుంది. గీతలు పూడిపోయి కారు సబ్బు ముక్కలా కనబడటానికి కారణం ఇదే.

అందుకే అనుభవజ్ఞులు బాడీ లోపలి వైపు నుంచి, కనబడే అంచుల దగ్గర మాత్రమే ప్లాస్టిక్‌ను గీకి పలుచన చేస్తారు. చక్రాల గూటి అంచు, గాలి లోపలికి పోయే రంధ్రాల పెదవి, తోక చివరి కోత: ఈ మూడు చోట్ల అంచు పలుచనగా ఉంటే, మిగతా బాడీ అంతా పలుచనగానే ఉందని కన్ను నమ్ముతుంది. గీతలను రంగు వేసే ముందు కాస్త లోతు చేస్తారు, వెడల్పు చేయరు. ఇక్కడ కచ్చితత్వం అంకెను విడిచి చూపును అనుసరిస్తుంది. దీన్ని రాజీ అనేవారితో నేను ఏకీభవించను. అంకె ప్రకారం చేస్తే కనబడకుండా పోయే సందును కంటికి కనబడేలా ఉంచడం అసలు కారు పట్ల విధేయతే.

పదార్థాల గురించి క్లుప్తంగా చెప్పాలంటే, అచ్చు ప్లాస్టిక్ కిట్లు కొలతలో నిలకడగా ఉంటాయి, అందరికీ అందుబాటులో ఉంటాయి. సిలికాన్ అచ్చులలో పోసే రెజిన్ కిట్లు అరుదైన రూపాలను అందిస్తాయి, అయితే గట్టిపడేటప్పుడు రెజిన్ కొంచెం ముడుచుకుంటుంది కాబట్టి చేతికి రాగానే ఇరుసుల దూరం కొలవడం మంచిది. తెల్లలోహం, రసాయనంతో చెక్కిన (ఎచింగ్) ఇత్తడి రేకులు, లేత్ మీద తీసిన అల్యూమినియం కలిపి వచ్చే ఖరీదైన కిట్లు వేరే లోకం. ఇంట్లోనే పనిచేసే రెజిన్ ప్రింటర్లు వచ్చాక, కిట్టులో లేని తోకను కంప్యూటరులో గీసి ముద్రించుకోవడం ఈనాడు సాధ్యమే. అయితే ప్రింటరు ఫోటోను చదవలేదు. వంపు తప్పుగా గీస్తే అంతే శ్రద్ధగా తప్పునే ముద్రిస్తుంది.

రంగు గురించి ఆగి మాట్లాడాలి. జాల్జ్‌బర్గ్ జట్టు కారు ఆస్ట్రియా జెండా రంగులైన ఎరుపు, తెలుపులలో ఉండేది. ఆ ఎరుపు ఎలాంటి ఎరుపు అన్నదానికి 1970 నాటి రంగుల ఫోటోలే సాక్ష్యమైతే, ఆ సాక్ష్యమూ కాలంతో మారింది. పాత రంగుల ప్రింట్లలో నీలిపచ్చ వర్ణకం మిగతావాటికంటే ముందుగా వెలిసిపోవడం మామూలే. అప్పుడు బొమ్మ మొత్తం ఎరుపు వైపు జారుతుంది. అటువంటి ఫోటోలో ఎర్రకారు ఉన్నదానికంటే మండిపోతూ కనబడుతుంది. అదే ఫోటోలో తెల్లటి పట్టీ, బూడిద రంగు రోడ్డు ఎలా ఉన్నాయో చూసి, అవి ఎంత జారాయో అంత ఎరుపును మనసులో వెనక్కి లాగాలి. చిన్న నమూనాకు రంగును కాస్త పాలిపోయేలా కలపాలన్న వాదం ఒకటి ఉంది. 24వ వంతు కారును 30 సెం.మీ. దూరం నుంచి చూడటమంటే అసలు కారును సుమారు 7 మీటర్ల దూరం నుంచి చూడటమే. అంత దగ్గర్లో గాలి రంగును పాలిపోయేలా చేయదు; కాబట్టి ఓడలకు, విమానాలకు చెప్పే ఆ సూత్రాన్ని రేసు కారుకు వర్తింపజేయనక్కరలేదని నా అభిప్రాయం.

వేసే వరుస కూడా ముఖ్యం. ఎరుపు మీద తెలుపు వేస్తే తెలుపు కింది నుంచి గులాబీ రంగు తేలుతుంది, దాన్ని కప్పడానికి పూత మీద పూత వేయాలి, అప్పుడు పట్టీ అంచున మెట్టు కట్టినట్టు ఎత్తు వస్తుంది. ముందు మొత్తం తెలుపు వేసి, ఆరాక పట్టీలను టేపుతో కప్పి, ఎరుపును పలుచగా రెండు మూడు విడతలుగా వేస్తే ఈ బాధ ఉండదు. అడుగున తెలుపు ఉండటం వల్ల ఎరుపు వెలుగుతుంది కూడా. మన ప్రాంతాల్లో కట్టేవారికి ఇంకో జాగ్రత్త అవసరం. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో వానాకాలంలో లాక్కర్ రంగు వేస్తే, థిన్నరు ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ ఆ చల్లదనానికి నీరై రంగులో చిక్కుకుంటుంది. ఎరుపు మీద పాలు ఒలికినట్టు తెల్లటి పొర తేలుతుంది. నెమ్మదిగా ఆరే థిన్నరు వాడటం, ముసురు పట్టిన రోజున ఎయిర్‌బ్రష్ ముట్టకపోవడం తప్ప దీనికి పెద్ద ఉపాయాలేమీ లేవు. రెండు పాళ్లు కలిపి వాడే యురెథేన్ పైపూత అద్దంలా మెరుస్తుంది, కానీ దాని గట్టిపరిచే ద్రవంలోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. ఆ రసాయనాలకు తగిన ఫిల్టరున్న రెస్పిరేటరు లేనివారు ఆ పూత జోలికి వెళ్లకూడదు. ఏ బొమ్మా అంత విలువైనది కాదు.

డెకాళ్ల సంగతి రెండు మాటల్లో ముగించవచ్చు. వంపు తిరిగిన రెక్క మీద డెకాలు మడత పడకుండా మెత్తబరిచే ద్రవం కావాలి, కింద గాలి మిగిలితే వెండిలా మెరిసి గుట్టు బయటపెడుతుంది కాబట్టి మెరిసే నున్నటి రంగు మీదే అంటించాలి. తర్వాతి దశాబ్దాల కార్లను కట్టేవారు మాత్రం పెట్టెలోని డెకాళ్లను నమ్ముకోలేరు. సిగరెట్ కంపెనీల పేర్లను కిట్టు తయారీదారులు తరచుగా వదిలేస్తారు, వాటిని విడిగా సంపాదించుకోవాలి.

లోపలి భాగాల్లో ఎంతవరకు పోవాలన్నది కట్టేవారి ఇష్టం. 917 ఇంజన్‌కు సిలిండరుకు రెండు చొప్పున 24 స్పార్క్ ప్లగ్గులు, వాటికి 24 తీగలు, పైన అడ్డంగా తిరిగే పెద్ద ఫ్యాను. మామూలుగా 7 మి.మీ. ఉండే ప్లగ్గు తీగ 24వ వంతులో 0.3 మి.మీ. కంటే సన్నగా ఉండాలి. కిట్లతో వచ్చే దళసరి తీగ పెడితే ఇంజన్ మీద తాళ్లు చుట్టినట్టు ఉంటుంది. కారు నిలబడే తీరు అంతకంటే ముఖ్యం, అయినా చాలామంది దాన్ని పట్టించుకోరు. అప్పటి నియమాల ప్రకారం ఈ కార్ల ట్యాంకు 120 లీటర్లు; నిండిన ట్యాంకులో దాదాపు 90 కిలోల పెట్రోలు. పిట్ నుంచి బయలుదేరే కారు, పిట్‌కు తిరిగి వస్తున్న కారు ఒకే ఎత్తులో ఉండవు. 24వ వంతులో ఆ తేడా అర మిల్లీమీటరుకు లోపే, కానీ చక్రానికీ గూటి అంచుకూ మధ్య సందులో కన్ను దాన్ని వెంటనే పట్టేస్తుంది. బయలుదేరే గంటను ఎంచుకున్నవారు కారును కాస్త కిందికి దించాలి.

చివరిగా మట్టి. ముగింపు గంటను ఎంచుకున్నవారు చాలామంది గోధుమ రంగును బాడీ అంతటా సమానంగా చల్లి వదిలేస్తారు, నిజమైన కారు ఎన్నడూ అలా మురికిపడదు. వానలో ముందు చక్రం ఎగజిమ్మిన బురద గూటి వెనుక నుంచి తలుపు కింది సగం మీదుగా సాగుతుంది. తలుపు పైభాగం దాదాపు శుభ్రంగా ఉంటుంది. అద్దం మీద ఒకే ఒక్క వైపరు తుడిచినంత మేర విల్లులా వెలుగు, దాని బయట మసక. బ్రేకుల నల్లపొడి వెనుక చక్రాల కంటే ముందు చక్రాల మీద ఎక్కువ. తోక చివర నిట్టనిలువుగా కోసినట్టున్న వెనుక ముఖం అన్నింటికంటే మురికి, ఎందుకంటే కారు వెనుక సుడి తిరిగే గాలి తుంపరను మళ్లీ దాని మీదికే తెచ్చి కొడుతుంది. ఎరుపు మీద కంటే తెల్లటి పట్టీల మీద ఇదంతా బాగా కనబడుతుంది కాబట్టి, ఆ పట్టీల మీద చేయి మరింత తేలికగా ఉండాలి.

ఇక తోక పైభాగం ఉంది. ట్సెల్ట్‌వెగ్‌లో హార్స్‌మన్ చూసిన పురుగుల మరకలు ఇక్కడే పనికొస్తాయి. 1969 నాటి తోకతో, పొడి రోజున పరుగెత్తిన 917ను కడుతున్నవారు ముక్కు మీద, అద్దం మీద, ముందు రెక్కల మీద పురుగుల చుక్కలు వేసి, వెనుక స్పాయిలర్లను శుభ్రంగా వదిలేయాలి. 1970 పొట్టితోకకు ఆ చుక్కలు తోక వాలు మీదుగా చివరి అంచు దాకా రావాలి, ఎందుకంటే అక్కడికి ఇప్పుడు గాలి వస్తోంది.